విన్నది తిరిగి చెప్పాలి

విశాఖ నౌకాశ్రయంలోకి ఓడ వచ్చేటప్పుడు పైలట్ మాట ఒక్క నోటితో పూర్తి కాదు. బయట సముద్రంలో ఆగిన ఓడ దగ్గరికి లాంచీలో వెళ్ళి, తాళ్ళ నిచ్చెన పట్టుకుని పైకెక్కి, బ్రిడ్జి మీద నిలబడ్డాక ఆయన చుక్కాని ఇటు తిప్పమని ఒక మాట అంటాడు. చక్రం దగ్గరున్న మనిషి వెంటనే తిప్పెయ్యడు. ఆ మాటనే ముందు పైకి తిరిగి అంటాడు, తర్వాత తిప్పుతాడు, తిప్పడం అయ్యాక చుక్కాని ఇంత కోణానికి వచ్చిందని మళ్ళీ చెబుతాడు. పక్కనున్న అధికారి అదంతా విని, చుక్కాని నిజంగా అటే తిరిగిందా అని చూసుకుంటాడు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక సంభాషణ వాక్యాల్లో ఈ నియమం రాసి ఉంది. చుక్కానికిచ్చిన ప్రతి ఆజ్ఞనూ చుక్కాని పట్టినవాళ్ళు తిరిగి పలకాలి. 1933లో జలదుర్గ అనే ఓడతో మొదలుపెట్టి లోపలి రేవుకు వెళ్ళిన ఓడలన్నీ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువలోంచే వెళ్ళాయి. అంత ఇరుకులో ఎడమ అన్నది కుడిగా వినిపిస్తే దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు.

ఇంగ్లీషు నావికులు ఒకప్పుడు ఎడమ పక్కను లార్‌బోర్డ్ అనీ, కుడి పక్కను స్టార్‌బోర్డ్ అనీ అనేవారు. హోరుగాలిలో రెండూ ఒకేలా వినిపిస్తున్నాయని 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్‌ను తీసేసి పోర్ట్ అనే మాట ఖాయం చేసింది. మనిషి చెవి పొరబడుతుందని ఒప్పుకుని, దానికి తగ్గ ఏర్పాటు చేసుకున్నారు.

ఇలాంటి ఏర్పాటు నేర్పకుండానే వచ్చినవాళ్ళు మా చేపల రేవులో ఉన్నారు. తెల్లారగట్ల వేలంపాట దగ్గర బోట్ల ఇంజన్లు, ఐసు కొట్టే చప్పుడు, కాకుల గోల, నలుగురి కేకలు ఒక్కసారిగా చెవిన పడతాయి. కోనాం గంప పాటకొస్తుంది. వందల మీద ఎవరో ఇరవై అన్నారు, అరవై అన్నట్టు వినబడింది. కొనే ఆడమనిషి గభాలున తలూపదు. "ఆరు పదులా, రెండు పదులా?" అని అడిగి, అవతల చెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు చూపించాకే గంప మీద చెయ్యేస్తుంది. అడిగినందుకు ఆమెకు నామోషీ లేదు, చెప్పినవాడికి విసుగూ లేదు.

కోర్టులోనూ ఇంతే. సాక్షి చెప్పింది రాసుకున్నాక దాన్ని సాక్షికి చదివి వినిపించాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 278వ సెక్షన్ చెప్పేది. రాసిన భాష సాక్షికి రాకపోతే అతనికొచ్చిన భాషలో విడమరిచి చెప్పాలని కూడా అందులో ఉండేది. విశాఖ కోర్టుల్లో ప్లీడరీ చేసిన రావిశాస్త్రిగారు బీదాబిక్కీ నోట వచ్చే మాటను వచ్చినట్టుగానే కథల్లో పెట్టారు. ఆ మాట ప్రశ్నల మధ్య నలిగి, గుమాస్తా కలం కిందకు వచ్చేసరికి ఏమైపోతుందో దగ్గరనుంచి చూసిన మనిషి ఆయన. ఆ కథలు చదివినవాళ్ళకు, చదివి వినిపించాలన్న ఆ నియమం ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు. 2023 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందు వాదనలను కృత్రిమ మేధతో అప్పటికప్పుడు అక్షరాల్లోకి మార్చడం మొదలుపెట్టింది. వాదించేవాళ్ళు పేరుమోసిన న్యాయవాదులు, మాట్లాడేది ఇంగ్లీషు. తప్పు పడితే చూసి దిద్దుకోగలరు. నా ఆలోచనంతా దిద్దుకోలేని వాళ్ళ గురించి.

ఒక మాట ముందే చెప్పాలి. మాటను విని రాసే యంత్రమంటే నాకు ప్రేమ. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ టైపింగ్‌లో తెలుగు చేరినప్పటినుంచీ చాలామందిలాగే నేనూ ఉత్తరాలూ వ్యాసాలూ ఫోనుకి చెప్పి రాయిస్తున్నాను. కీబోర్డు మీద గుణింతాల కోసం తడుముకునే పని తప్పింది. ఆ తర్వాత మాటకు మాట బదులిచ్చే యంత్రాలు తెలుగులోకి వచ్చాయి. వంట చేసుకుంటూనో నడుస్తూనో ఏదైనా అడిగితే గొంతుతోనే జవాబు వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఎనిమిది కోట్ల పైచిలుకు. వాళ్ళలో చదువుకోని వాళ్ళకు, కళ్ళు ఆననివాళ్ళకు, చేతులు పనిలో ఉన్నవాళ్ళకు ఇంతకంటే దగ్గరి దారి ఇంకొకటి రాలేదు.

ఈ దారి వేసిన వాళ్ళలో మొదటి వరసలో ఒక తెలుగువాడున్నాడు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి మద్రాసు గిండీలో సివిల్ ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయనా ఆయన విద్యార్థులూ కలిసి చేసిన హియర్‌సే, డ్రాగన్, హార్పీ, స్ఫింక్స్ అనే వ్యవస్థల మీదుగానే కంప్యూటరుకు మాట వినడం వచ్చింది. 1976 నాటి హార్పీకి తెలిసిన మాటలు 1,011. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. అంతకు ముందే, 1980లలో, ఫ్రాన్సు ప్రభుత్వం పెట్టిన ఒక కేంద్రంతో కలిసి కంప్యూటరును వెనకబడిన దేశాలవాళ్ళకు అందించే పనిలో పాలుపంచుకున్నారు. చదువురాని మనిషికి కూడా యంత్రం పనికిరావాలన్నది ఆయన ఎన్నో ఏళ్ళుగా పట్టుకున్న పట్టు.

హియర్‌సే మొదటి రూపం చదరంగం ఎత్తులను నోటితో చెబితే వినేది. అది ఎలా వినగలిగిందో తెలుసుకుంటే ఇవాళ్టి యంత్రం గురించి సగం తెలిసినట్టే. చదరంగంలో ఏ క్షణానికైనా నియమం ఒప్పుకునే ఎత్తులు కొన్నే ఉంటాయి. వాటిలోనూ తెలివైనవాడు వేసేవి ఇంకా తక్కువ. శబ్దం సరిగ్గా చిక్కకపోయినా, ఈ స్థితిలో ఏ ఎత్తు వెయ్యడానికి వీలుందో చూసి, చెప్పింది అదే అయ్యుంటుందని యంత్రం తేల్చుకునేది. అంటే సగం చెవితో విని, సగం ఊహతో పూరించేది. ఇప్పుడు యంత్రాలు వేల రెట్లు పెద్దవయ్యాయి, లోపలి గణితం మారింది. గొంతును సెకనుకు పదహారు వేల ముక్కలుగా కోసి చూస్తాయి. కానీ ఊహతో పూరించే గుణం పోలేదు, పెరిగింది. ఈ శబ్దం తర్వాత ఏ శబ్దం వచ్చే అవకాశం ఎక్కువ, ఈ మాట పక్కన ఏ మాట కూర్చుంటుంది అన్నది యంత్రం తాను అంతకుముందు విన్న లక్షల గంటల మాటలనుంచి లెక్కగడుతుంది. మనిషీ అలాగే వింటాడు, అందులో తప్పు లేదు. చదరంగం బల్ల మీద అరవైనాలుగు గళ్ళే కాబట్టి ఊహ గురి తప్పేది తక్కువ. మా పూర్ణా మార్కెట్లో, గాజువాక ఆటోనగర్లో, జ్ఞానాపురం సందుల్లో జనం ఏం మాట్లాడతారో ఆ గళ్ళలో పట్టదు.

మా వెనక సందులో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె ఉంది. వాళ్ళది శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపు పల్లె. వాళ్ళబ్బాయి పాత ఫోనొకటి ఇచ్చి, ఏం కావాలన్నా దీన్ని అడుగు, చెబుతుందని నేర్పాడు. ఆమె దానికి బాగా అలవాటు పడింది. వానొస్తుందా అని అడుగుతుంది, సింహాచలం బస్సెక్కడాగుతుందని అడుగుతుంది. ఒక మధ్యాహ్నం ఫోను చేత్తో పట్టుకుని పరుగున మా గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, నానేటడిగేను, ఇదేటి సెప్తంది? మా అయ్య లెగట్నేదమ్మా!"

ఫోనులోంచి మెత్తని గొంతొకటి తీరిగ్గా చెబుతోంది. ముందు సురక్షితమైన చోటికి వెళ్ళండి, తలుపు గడియ వేసుకోండి, 112కి ఫోన్ చేసి పోలీసులకు మీ చిరునామా చెప్పండి అని. నేను తెర మీదకు చూశాను. ఆమె అన్నమాట, "అయ్య ఇంట్ల తొంగున్నాడు, పిలిస్తే లెగట్నేదు." యంత్రం రాసుకున్నది, "అయ్యో ఇంట్లో దొంగ ఉన్నాడు పిలిస్తే లేదు." దొంగ ఇంట్లో ఉంటే చెప్పాల్సిన సలహా అంతా తప్పు లేకుండా చెప్పింది. ఇంట్లో ఉన్నది షుగరు మనిషి, పొద్దున మందేసుకుని తినకుండా పడుకున్న ముసలాయన. 108కి ఫోన్ చేశాం. రక్తంలో చక్కెర బాగా పడిపోయిందన్నారు. సమయానికి సూదిమందు పడింది, మర్నాటికి లేచి కూర్చున్నాడు.

నాలుగు రోజులు పోయాక ఆమెను మళ్ళీ ఒకసారి అదే మాట ఫోనుకి చెప్పి చూడమన్నాను. ఈసారి ఆమె గొంతు సవరించుకుంది. నడుం నిటారుగా పెట్టి, టీవీలో వార్తలు చదివేవాళ్ళ వరస పట్టుకుని, "మా నాన్నగారు పడుకుని ఉన్నారు, లేవడం లేదు" అంది. యంత్రం అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. షుగరు ఉందా అని అడిగింది, 108కి చెప్పమంది. ఆమె సంబరపడింది. ఇక మీద ఇలాగే మాట్లాడతానంది. నాకు మాత్రం ఆ సంబరం పంచుకోవాలనిపించలేదు. తండ్రి పలక్కుండా పడి ఉన్నప్పుడు ఏ కూతురు నోటికైనా పుట్టిననాటి మాటే వస్తుంది. వార్తల తెలుగు ఆ వేళకు రాదు, రావాలని కోరడం న్యాయం కాదు.

ఇదే నేలమీద ఈ తగువు ఒకసారి నడిచింది. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, పిల్లవాడు నోటితో ఒక తెలుగు మాట్లాడి కాగితం మీద ఇంకో తెలుగు రాయవలసి రావడాన్ని ఎదిరించారు. పండితులతో ఏళ్ళ తరబడి వాదించారు, 1919లో తెలుగు అన్న పేరుతోనే పత్రిక నడిపారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. పుస్తకానికి పనికొచ్చే మాట, పనికిరాని మాట అన్న గీతను చెరపడానికి ఒక జీవితం పట్టింది. వందేళ్ళ తర్వాత అదే గీత ఎవరూ గీయాలని అనుకోకుండానే యంత్రం చెవిలో పడింది. ఎక్కువగా వినిపించే తెలుగు దానికి బాగా వచ్చు, తక్కువగా వినిపించేది రాదు. అందుకని జనమే తమ మాటను దిద్దుకుని దాని ముందు నిలబడుతున్నారు.

గిడుగువారి గురించి ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ పట్టి లాగుతుంది. ఆయన సవరల భాష నేర్చుకున్నారు. లిపిలేని భాష, బోధించే పుస్తకం లేదు. ఆ భాష వచ్చిన మనుషులను దగ్గర పెట్టుకుని వాళ్ళ నోటినుంచి వింటూ, కొండల్లో తిరుగుతూ నేర్చుకున్నారు. ఆ తిరుగుడులో మలేరియా పట్టుకుంది. క్వినైను మింగీ మింగీ వినికిడి పోయింది. 1931లో సవర వ్యాకరణం, ఆ తర్వాత కొన్నేళ్ళకు సవర నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు చెవుడు వచ్చి చాలాకాలమైంది. ఒక్కొక్క ధ్వనినీ గుర్తుపెట్టి, దానికో గుర్తు కట్టి, అంత పెద్ద పని చెవులు లేని మనిషి పూర్తిచేశాడంటే, తాను విన్నది సరేనా కాదా అని ఆ భాష మాట్లాడేవాళ్ళ దగ్గర తేల్చుకోకుండా సాధ్యపడేది కాదని నా నమ్మకం. తన ఊహ మీద ఆయన బరువు పెట్టలేదు.

చెప్పింది రాసిపెట్టే యంత్రానికీ, మాట్లాడే యంత్రానికీ మధ్య తేడా కూడా ఇక్కడే నాకు తెలిసివచ్చింది. రాసే యంత్రం తప్పు చేస్తే తప్పు కళ్ళెదుట ఉంటుంది. ఇది నేను మా పెద్ద మావయ్య దగ్గర చూశాను. ఆయన గాజువాకలో ఒక రోలింగు మిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. కాగిన ఇనపకడ్డీ స్టాండులోంచి స్టాండులోకి పరుగుతీసే చోట మాట వినబడదు, పనంతా చేతి సైగల మీద నడిచేదట. క్రేను మీదివాడికి దించమనడానికి ఖలాసీలు అనే "ఆరియా" కేక కూడా చెయ్యి ఊపితేనే అర్థమయ్యేదట. ఫ్యాక్టరీల నియమం ఎనిమిది గంటల పనికి తొంభై డెసిబెల్స్ దాటకూడదంటుంది. ఆయన చెవులను అడిగితే వేరే లెక్క చెబుతాయి. ఇప్పుడు ఆయన ఫోనులో ఎదుటివాళ్ళ మాటను అప్పటికప్పుడు తెలుగు అక్షరాల్లో చూపించే ఏర్పాటు ఉంది. ఈ కోవలో పేరొచ్చిన లైవ్ ట్రాన్‌స్క్రైబ్ 2019లో వచ్చింది. దాన్ని చేసినవాళ్ళలో దిమిత్రి కనెవ్‌స్కీ అనే పరిశోధకుడు చిన్ననాడే వినికిడి పోయినవాడు. వినబడకపోవడం అంటే ఏమిటో తెలిసిన మనిషి చెయ్యి పడ్డ పని అది.

మావయ్య ఫోనును బల్లమీద నిలబెట్టి, మనవడు మాట్లాడుతుంటే తెర మీద అక్షరాలు చదువుతారు. మధ్యలో అర్థంలేని మాట వస్తే చెయ్యి పైకెత్తుతారు. వాడు ఆగి మళ్ళీ చెబుతాడు. ఒకరోజు వాడు "కాలేజీ ఫీజు" అంటే "కాలేజీ ఫ్యూజు" అని పడింది. ఆయన "ఫ్యూజు పోతే ఎలట్రీసన్ని పిలవండి, నాకెందుకు సెప్తారు?" అన్నారు. వాడు తప్పు చూసి, వేళ్ళతో డబ్బు గుర్తు చూపించాడు. అయిదు సెకన్లలో తేలిపోయింది. తప్పు ఇద్దరికీ కనబడింది కాబట్టి తేలింది.

మాట్లాడే యంత్రం దగ్గర ఆ అవకాశం సన్నగిల్లుతుంది. తాను ఏం విన్నదో అది పైకి అనదు. నేరుగా జవాబుకు వెళ్ళిపోతుంది. తప్పు వినికిడి జవాబు లోపలికి దూరి, చక్కటి వాక్యాల వెనక కూర్చుంటుంది. గొంతు మర్యాదగా, నిబ్బరంగా ఉంటుంది కాబట్టి జవాబు మీద నమ్మకం కుదురుతుంది. తెర మీద చిన్న అక్షరాల్లో నా ప్రశ్న కనిపించే ఏర్పాటు కొన్నిట్లో ఉంది. నాకు చదువొచ్చు, చూసుకుంటాను. ఇస్త్రీ ఆమెకు రాదు. యంత్రం విన్నదేమిటో తెలుసుకోవడానికి చదువు కావాలంటే, చదువులేని వాళ్ళకోసమని మనం తలకెత్తుకున్న ఈ సాధనం వాళ్ళనే చీకట్లో పెడుతున్నట్టు. దీన్ని చిన్న లోపంగా నేను చూడలేను. రాజ్ రెడ్డిగారి తరం కన్న కలకు అడ్డంగా ఉన్నది ఇదే అనిపిస్తుంది.

చెయ్యడం చేతకాక కాదు. డబ్బు విషయంలో ఈ జాగ్రత్త అంతా ఉంది. 2022 మార్చిలో మామూలు బటన్ ఫోన్లకు యూపీఐ 123పే వచ్చింది. 2023 సెప్టెంబరులో నోటిమాటతో డబ్బు పంపే హలో యూపీఐ మొదట హిందీ, ఇంగ్లీషుల్లో మొదలైంది. వీటిలో ఎవరికి, ఎంత అన్నది తేలి, మన పిన్ మనం నొక్కాకే డబ్బు కదులుతుంది. ఇరవైకీ అరవైకీ మధ్య పొరపాటు పడితే ఎవరో ఒకరు నష్టపోతారని అందరికీ తెలుసు కాబట్టి అక్కడ అడిగి తీరుతారు. మందు ఎన్ని చుక్కలు వెయ్యాలని అడిగినప్పుడు, పింఛను ఎందుకు ఆగిందని అడిగినప్పుడు, సముద్రం మీద గాలెలా ఉంటుందని పడవవాడు అడిగినప్పుడు నష్టం అంతకంటే తక్కువేమీ కాదు. మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. ప్రభుత్వ సేవలు గొంతు మీద నడిచే రోజు వస్తే, నేను కోరే మొదటి నియమం ఒక్కటే. "మీరు అడిగింది ఇదేనా?" అని యంత్రం ముందు తన నోటితో తిరిగి చెప్పాలి. అవునన్నాకే జవాబు. తాను విన్నదాని మీద తనకెంత నమ్మకముందో లెక్కగట్టుకోవడం ఈ యంత్రాలకు ఎప్పటినుంచో వచ్చు. ఆ నమ్మకం తగ్గినప్పుడు ఊహించి ముందుకు పోకుండా ఆగి అడగమనడం పెద్ద కోరిక కాదు. ప్రతి మాటకూ అడిగితే విసుగు పుడుతుందంటారు, నిజమే. వానొస్తుందా అన్న ప్రశ్నకు అడగక్కర్లేదు. మనిషి లేవడంలేదు అన్నప్పుడు మాత్రం అడగాలి.

రెండో కోరిక చెవి పెంచడం గురించి. ఈ పని మొదలుపెట్టినవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దాదాపు రెండువేల గంటల తెలుగు మాటను జనం నోటినుంచే సేకరించింది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ ఇరవైరెండు భాషల్లో, రకరకాల జిల్లాల్లో మనుషుల సహజమైన మాటను రికార్డు చేస్తోంది. బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ళ వాణి ప్రాజెక్టులో మనిషికి ఒక బొమ్మ చూపించి, ఏం కనిపిస్తోందో నీ మాటలో చెప్పమంటారు. ఇది నాకు చాలా నచ్చింది. కాగితం మీద రాసిన వాక్యాన్ని చేతికిచ్చి చదవమంటే ఎవరి నోటికైనా బడి తెలుగే వస్తుంది. బొమ్మ చూపిస్తే ఇంటి తెలుగు వస్తుంది.

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో అయిదేళ్ళలో పదిహేను బిలియన్ డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం పెడతామని ప్రకటించింది. ఆ కేంద్రానికి చోటుగా తర్లువాడ పేరు పేపర్లలో మారుమోగింది. సముద్రం అడుగునుంచి కేబుళ్ళు మా తీరానికే వచ్చి తగులుతాయి. ఈ ఊరు ఇంతకుముందు ఓడలు కట్టడం నేర్చుకుంది, ఉక్కు పోయడం నేర్చుకుంది. ఉక్కు కర్మాగారం కోసం అరవైనాలుగు ఊళ్ళు భూములిచ్చాయి. ఇప్పుడు వినే యంత్రాలు ఇక్కడికొచ్చి కాపురం పెడుతున్నాయి. కరెంటు, నీళ్ళు, భూమి మాదే అయినప్పుడు ఆ యంత్రాలకు మా మాట కూడా రావాలని కోరే హక్కు మాకుంది.

ఆ మాట సేకరించేవాళ్ళకు నేను చెప్పదలుచుకున్నవి కొన్ని ఉన్నాయి. ఏసీ గదిలో కూర్చోబెట్టి రికార్డు చెయ్యకండి. ఫ్యాను తిరుగుతుంటే, కుక్కరు కూస్తుంటే, ఆర్టీసీ కాంప్లెక్సులో మైకు అరుస్తుంటే చెయ్యండి, ఎందుకంటే జనం ఫోనుతో మాట్లాడేది అక్కడే. కంచరపాలెంలో రైల్వే కుటుంబాలు, మల్కాపురంలో షిప్‌యార్డు వాళ్ళు, కూర్మన్నపాలెంలో అన్ని జిల్లాలనుంచీ వచ్చి ఉక్కు పనికి చేరినవాళ్ళు, అరకు వైపునుంచి దిగి వచ్చి ఇక్కడ కూలిపని చేసుకునే గిరిజనులు, వీళ్ళందరి తెలుగూ ఒకటి కాదు. ముసలివాళ్ళను వదలకండి. పళ్ళు ఊడిన నోటి మాట యంత్రానికి కష్టం, వైద్యం గురించి ఎక్కువగా అడగబోయేదీ వాళ్ళే. ఎందుకు రికార్డు చేస్తున్నారో వాళ్ళకర్థమయ్యే మాటలో చెప్పి, ఒప్పుకున్నాకే చెయ్యండి. ఒక పూట పని మానుకుని వచ్చినవాళ్ళకు ఆ పూట కూలి ఇవ్వండి. రాసిన అక్షరాలను సరిచూడటానికి ఆ ఊరివాళ్ళనే పెట్టండి, తొంగున్నాడని వింటే దిద్దడానికి ప్రయత్నించని వాళ్ళను. ఏప్రిల్ 15నుంచి జూన్ 14దాకా అరవైఒక్క రోజులు వేట నిషేధం ఉంటుంది, అప్పుడు మరబోట్లవాళ్ళు ఒడ్డునే ఉంటారు. వలలు బాగుచేసుకుంటూ మాట్లాడుకునే తీరిక వాళ్ళకు దొరికేది ఆ రెండు నెలలే. గాలుల పేర్లు, నీటి పోకడలు, కవళ్ళనుంచి సవళ్ళదాకా చేపల పేర్లు వాళ్ళ దగ్గర ఉన్నంతగా ఏ నిఘంటువులోనూ లేవు. మొదటి మైకు అక్కడ పెట్టండి.